జులైలో నాచు కమ్మేసిన లేక్‌లో బాస్ చేపలు ఎక్కడ దాక్కుంటాయి?

డాలస్_గాలం:
టెక్సస్‌లోని లేక్ ఫోర్క్‌లో కయాక్ మీద లార్జ్‌మౌత్ బాస్ కోసం తిరుగుతున్నాను. వసంతంలో గట్టు పక్కనే దొరికేవి, ఇప్పుడు ఎటు చూసినా హైడ్రిల్లా నాచు, కలువాకులే. పై నీళ్ళు 87 డిగ్రీల ఫారన్‌హీట్. నా దగ్గరున్నది 7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 10 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్) లైన్. మూడు కొక్కేల ఎర ఏది వేసినా గుప్పెడు నాచుతో తిరిగొస్తోంది. రబ్బరు కప్ప మీదికి చేప ఎగిరి పడుతుంది గానీ కొక్కెం దిగదు. ఇంత నాచులో ఎక్కడని వెతకాలి? సామాను మార్చాలా?

నాచు_అంచు:
ముందు ఎక్కడ వెతకక్కర్లేదో తేల్చుకోండి. వేసవిలో లోతున్న లేక్‌లో నీళ్ళు పొరలుగా విడిపోతాయి. పైన వేడి పొర, అడుగున చల్లటి పొర. ఆ అడుగు పొరలో ఆక్సిజన్ దాదాపు అయిపోతుంది. సోనార్ (నీటి లోపలిది తెర మీద చూపే పరికరం) సెన్సిటివిటీ పెంచితే మధ్యలో అడ్డంగా మసక గీత కనిపిస్తుంది, దాని కింద ఎర వేయడం దండగ. అంటే ఎండకు చేపలన్నీ పాతాళానికి పోయాయన్న మాట నిజం కాదు. వాటికి నీడ, ఊపిరి, తిండి మూడూ దొరికేది పచ్చటి నాచులోనే.

పచ్చటిది అని ఊరికే అనలేదు. గోధుమ రంగుకు తిరిగి కుళ్ళుతున్న నాచు ఆక్సిజన్‌ని తినేస్తుంది, అక్కడ ఆగకండి. పోలరైజ్డ్ కళ్ళజోడు పెట్టుకుని నాచు బయటి అంచు వెంబడి మెల్లగా వెళ్ళండి. గీత గీసినట్టు ఒకేలా సాగే అంచుని వదిలేయండి. అంచు ముక్కులా లోతులోకి పొడుచుకొచ్చిన చోటు, లోపలికి సందులా తిరిగిన చోటు, హైడ్రిల్లాలో కలువాకులు కలిసే చోటు, మధ్యలో ఎండు మాను నిలబడ్డ చోటు, ఇవి చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం అడుగు గట్టిగా ఉన్న చోటు. కనిపించదు, చేతికి తెలియాలి. 3/8 ఔన్సు టంగ్‌స్టన్ బరువు కట్టి అడుగున ఈడ్చండి. టకటక తగిలితే గులకరాళ్ళు, మెత్తగా దిగబడితే బురద. నాచు పక్కనే గులక తగిలిందంటే ఆ చోటుని జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి, ఒక చేప పడ్డ చోట ఇంకొన్ని ఉంటాయి.

కప్ప_ఎర:
తమ్మీ, గా రాడ్‌తోని నాచుల కప్ప ఆడదు. మోనో సాగుతది, నాచుని కొయ్యదు. 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్, అంటే అల్లిన లైన్ ఎక్కించు, నాచుని కోసుకుంట వస్తది. రాడ్ 7 అడుగుల పైన, హెవీ. బెయిట్‌కాస్టర్ రీల్, లైన్ జారకుండ ఆపే డ్రాగ్ పూర్తిగ బిగించు. ముడికి పాలోమర్ చాలు.

కొక్కెం ఎందుకు దిగుత లేదంటే, నీళ్ళు చిమ్మంగనే నువ్వు లాగుతున్నవు. అప్పటికి కప్ప చేప నోట్లకు పోయి ఉండదు. చప్పుడుకే రాడ్ గుంజి కొట్టకు. రాడ్ కిందికి దించు, సడలిన లైన్ చుట్టు, బరువు తెలిసినంక గట్టిగ కొట్టు. మనూళ్ళ చెరువుల కప్పతోని కొర్రమీను పట్టినోళ్ళకు ఈ ఓపిక అలవాటే. కప్ప మీది రెండు కొక్కేల మొనలు ప్లయర్‌తోని రవ్వంత పైకి వంచు, మస్తు ఫరక్ పడతది. కాళ్ళ లెక్క ఉన్న రబ్బరు తీగలల్ల ఒక దిక్కువి అర అంగుళం కత్తిరిస్తే కప్ప అటూ ఇటూ మంచిగ తిరుగుతది. లోపలికి నీళ్ళు పోతే పిండెయ్యి, లేకుంటే మునుగుతది.

చేప తగిలినంక దాని తల పైకే ఉంచు. నాచుల దూరి చుట్టుకుంటే గుంజులాట పెట్టకు. లైన్ బిగువుగ పట్టుకొని కయాక్‌నే దాని మీదికి తీసుకపోయి చేత్తోని నాచు తియ్యి.

డాలస్_గాలం:
ఎండెక్కాక కప్ప మీదికి ఏదీ రావట్లేదు. తెల్లారకముందే వెళ్ళి నాచు మధ్యలోనే వేయాలా?

నాచు_అంచు:
మధ్యలో కాదు, అంచున. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, కాబట్టి దట్టమైన నాచు లోపల తెల్లవారుజామునే అది అతి తక్కువ. ఆ వేళ చేపలు బయటి అంచున, పల్చటి చోట తిరుగుతాయి. ఎండెక్కి నాచు ఆక్సిజన్ వదలడం మొదలయ్యాక నీడ కోసం లోపలికి దూరుతాయి.

అప్పుడు టెక్సస్ రిగ్ అనే పద్ధతిలో ఎర కట్టండి. అంచుకైతే 1/4 ఔన్సు బుల్లెట్ బరువు, 4/0 సైజు ఆఫ్‌సెట్ (మెడ దగ్గర వంపున్న) కొక్కెం, 7 అంగుళాల ప్లాస్టిక్ పురుగు. తేట నీళ్ళకు గ్రీన్ పంప్కిన్ రంగు (ఆకుపచ్చ-గోధుమ), కలక నీళ్ళకు నలుపు-నీలం. కొక్కెం మొనని పురుగు ఒంట్లో దాచేస్తారు కాబట్టి నాచు పట్టదు. పైన మందంగా పరుచుకున్న నాచు కిందికి దిగాలంటే 1 నుంచి 1.5 ఔన్సు టంగ్‌స్టన్, దాని పైన రబ్బరు స్టాపర్, 4/0 నిటారు కాడ కొక్కెం, 4 అంగుళాల ఎర. ఎరకి బారు చేతులు, తోకలు ఉండకూడదు, అవే నాచుకి తగులుకుంటాయి. ఎక్కువ చేపలు ఎర దిగేటప్పుడే అందుకుంటాయి. అడుగు తగిలాక రెండుసార్లు ఎత్తి దించి, ఏమీ లేకపోతే తీసి నాచులో పక్కనున్న కన్నంలో వేయండి. ఒక్క కన్నం దగ్గరే కూర్చుంటే పొద్దు పోతుంది.

కప్ప_ఎర:
కయాక్ మీద ఔన్సున్నర బరువుతోని గంటలు చెయ్యలేవు, భుజం పోతది. కూసోని అంత బరువు కొక్కెం కొట్టుడు కూడ కష్టమే. పొద్దుగాల అంచుకు కప్ప, తర్వాత 1/4 ఔన్సు పురుగు, గంతే చాలు అని నా లెక్క.

లైసెన్స్_మామ:
ఇద్దరూ చేప పట్టేదాకా చెప్పారు, పట్టాక సంగతి నేను చెప్తాను. టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండితే లైసెన్స్ ఉండాలి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని ఉంచుకోకూడదు, అక్కడికక్కడే వదలాలి. రోజుకి 5, అందులో 24 అంగుళాలు దాటింది ఒకటే. కొలబద్ద కయాక్‌లోనే అతికించుకోండి. రాష్ట్ర రికార్డు 18.18 పౌండ్ల బాస్ ఈ లేక్‌దే, కానీ 1992 జనవరిలో పడింది. జులైలో ఆ సైజు మీద ఆశ పెట్టుకోకండి.

87 డిగ్రీల నీళ్ళలో చేప తొందరగా అలిసిపోతుంది. వేడెక్కిన ప్లాస్టిక్ మీద పడేయకండి, చేయి తడిపి పట్టుకోండి, పెద్ద చేపని దవడ పట్టి ఒక్క చేత్తో వేలాడదీయకుండా పొట్ట కింద రెండో చెయ్యి ఆనించండి. ఫోటో కోసం ఎక్కువసేపు నీళ్ళ బయట ఉంచొద్దు. ఒడ్డుకొచ్చాక కయాక్‌కి, తెడ్డుకి, ట్రైలర్‌కి అంటిన హైడ్రిల్లా ముక్కలన్నీ ఏరేయండి, లోపలి నీళ్ళు పారబోయండి. ఒక్క తుంపు చాలు, ఇంకో లేక్‌లో మొలకెత్తుతుంది. దాన్ని తీసుకెళ్ళడం చట్టరీత్యా నేరం కూడా.