గుడి, చర్చి, మసీదు, సర్కారు: పరిశోధన కథనం ఎక్కడ మొదలుపెట్టాలి?

పాండీబజార్_పక్కన (ప్రశ్న):

చెన్నైలో ఉంటాను, ఒక చిన్న తెలుగు వెబ్ పత్రికకి ఫ్రీలాన్స్‌గా రాస్తుంటాను. ప్రభుత్వానికీ మతసంస్థలకీ మధ్య నడిచే డబ్బు, భూములు, పదవుల మీద, తమిళనాడు వరకే తీసుకుని మూడు భాగాలు రాస్తానంటే మా ఎడిటర్ గారు సరేనన్నారు. కాకపోతే "ఎవరి మనసూ నొప్పించకుండా రాయమ్మా" అని ఒక షరతు పెట్టారు. అలా రాసేదైతే పరిశోధన దేనికి, పంచాంగ శ్రవణం పెట్టుకుంటే పోలా.

నా అసలు తలనొప్పి వేరే. అమెరికాలో వచ్చిన కథనాలు కొన్ని చదివాను. 2022లో ప్రోపబ్లికా, టెక్సస్ ట్రిబ్యూన్ అనే వార్తాసంస్థలు కలిసి, చర్చి వేదిక మీంచే ఫలానా అభ్యర్థికి ఓటెయ్యమన్న పాస్టర్ల ప్రసంగాలు బయటికి తీశాయి. అక్కడ 1954 నుంచి జాన్సన్ సవరణ అని ఒకటుంది, పన్ను మినహాయింపు తీసుకునే సంస్థ ఎన్నికల్లో ఎవరి పక్షానా ప్రచారం చెయ్యకూడదు. రూల్ ఉంది కాబట్టి దాన్ని దాటారా లేదా అని చూస్తే సరిపోతుంది. ఇక్కడ సర్కారే గుళ్ల పాలన చూస్తుంది, దానికొక మంత్రి, నుంగంబాక్కంలో పెద్ద ఆఫీసు. మరి మతం వేరు, ప్రభుత్వం వేరు అనే మాటని ఇక్కడ దేనితో కొలవాలి? ఆర్టీఐలు (సమాచార హక్కు దరఖాస్తులు) వేసుకుంటూ పోవాలా, ముందు తీర్పులు చదవాలా? తమిళం బాగానే మాట్లాడతాను కానీ చదవాలంటే కూడబలుక్కోవాలి, అదో టెన్షన్.

పెరంబూరు_పాతకాపు:

అమ్మాయ్, ముందు ఆ అమెరికా కొలబద్ద పక్కన పెట్టు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్నది 1802లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఒక ఉత్తరంలో రాసిన మాట, మన రాజ్యాంగంలో ఆ గోడ లేదు. 25వ అధికరణంలోనే మతంతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ వ్యవహారాలని ప్రభుత్వం నియంత్రించవచ్చని రాసి ఉంది. ఒక మతాన్ని పెంచడానికని ప్రత్యేకంగా పన్ను కట్టమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని 27 చెప్తుంది. ఇవి రెండూ అందరికీ తెలిసినవే. 290ఏ మాత్రం చాలామంది చదివి ఉండరు. తిరువాన్కూరు-కొచ్చి నుంచి 1956లో మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిన గుళ్ల కోసం తమిళనాడు ఖజానా నుంచి ఏటా 13.5 లక్షలు దేవస్వం నిధికి ఇవ్వాలని అందులో రాజ్యాంగమే చెప్తోంది. అంటే ఏకంగా రాజ్యాంగంలోనే ఒక మతం గుళ్లకి సర్కారు డబ్బు! ఇది తెలియకుండా "సెక్యులర్ దేశంలో సర్కారు గుడికి పైసా ఇవ్వొచ్చా" అని హెడ్డింగ్ పెట్టావనుకో, మర్నాడే ఎవడో ఒక లాయరు నిన్ను కడిగేస్తాడు.

ఇంకోటి, నువ్వు పాండీబజార్ పక్కనే ఉంటానంటున్నావు కాబట్టి. రోజూ దాటే పానగల్ పార్కు ఎవరి పేరుదో తెలుసా? పానగల్ రాజా మన తెలుగాయనే, పానగంటి రామరాయణింగారు, కాళహస్తిలో పుట్టాడు, జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేశాడు. గుళ్ల ఆదాయం, ధర్మకర్తల లెక్కలు సర్కారు చూపు కిందకి తెచ్చిన హిందూ ధర్మాదాయ చట్టం ఆయన హయాంలోదే, 1925లో వచ్చింది, కోర్టు గొడవలకి భయపడి 1927లో మళ్లీ చేశారు. పాఠకులు తెలుగువాళ్లే కదా, మొదటి భాగం అక్కణ్ణించే ఎత్తుకో.

అసలు ప్రశ్న మాత్రం 1954 శిరూరు మఠం తీర్పులో దొరుకుతుంది. మద్రాసు సర్కారు మఠాల ఆదాయంలోంచి వంతు వసూలు చేసేది. సుప్రీంకోర్టు ఏమందంటే, ఇది ఫీజు కాదు పన్ను, ఫీజు అంటే దానికి బదులుగా కట్టినవాడికి ఏదో సేవ అందాలి. ఆ వంతు ఇప్పటికీ ఉంది, 1959 నాటి హిందూ ధర్మాదాయ చట్టం కింద వసూలవుతోంది, ఆడిట్ ఫీజు అదనం. నువ్వు అడగాల్సింది ఒకటే: ఫలానా గుడి ఇంత కట్టింది, ఆ గుడికి ఏం ఒరిగింది?

అంబత్తూరు_ఆడిటర్:

పాతకాపు గారి మాటకి ఒక చేర్పు. అమెరికాలో కూడా రూల్ అంత గట్టిగా ఏం లేదండీ. 2025 జులైలో అక్కడి పన్ను శాఖే కోర్టులో వేసిన కాగితంలో, పాస్టరు ప్రార్థనలో తన భక్తులతో మాట్లాడే మాటలకి జాన్సన్ సవరణ వర్తించదన్నట్టు రాసిచ్చింది. అక్కడ నేర్చుకోవాల్సింది రూల్ కాదు, పనితీరు. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు సర్కారు విడుదల చేసిన కోవిడ్ రుణాల జాబితా పట్టుకుని, అందులో క్యాథలిక్ సంస్థలు ఏవో ఏరి, కనీసం 140 కోట్ల డాలర్లు అందాయని తేల్చారు. రహస్య కెమెరాలు లేవు, ఓపిక ఉంది, అంతే.

ఇక్కడ మీ చేతికి దొరికేవి చెప్తాను. దేవాదాయ శాఖ పద్దు మీద అసెంబ్లీలో చర్చ వచ్చినప్పుడు ఏటా పాలసీ నోట్ (శాఖ పనుల నివేదిక) పెడతారు, ఇంగ్లీషులో కూడా ఉంటుంది, కాబట్టి తమిళం టెన్షన్ అక్కడ లేదు. ఆ శాఖ కింద 36 వేలకి పైగా గుళ్లు ఉన్నాయి, అన్నిటి జోలికీ వెళ్లకండి, ఒక్క గుడి తీసుకోండి. ఆర్టీఐ గుడి ఈఓకి వేస్తే మేం ఆ చట్టం కిందకి రామని రాసి పంపే అవకాశం ఉంది. అందుకని శాఖ జాయింట్ కమిషనర్ ఆఫీసుకే వెయ్యండి. వేరే చట్టం కింద ప్రభుత్వం తెప్పించుకోగల సమాచారం కూడా ఆర్టీఐ పరిధిలోకే వస్తుంది, సెక్షన్ 2(ఎఫ్) చదవండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలుకి వెళ్లండి. "అన్ని వివరాలూ ఇవ్వండి" అని మాత్రం రాయకండి, ఫలానా సంవత్సరం ఆడిట్ రిపోర్టు, ఫలానా సర్వే నంబరు లీజు ఫైలు, ఇలా అడగండి.

చర్చిలకి దారి వేరే. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆస్తులు చూసే ట్రస్ట్ అసోసియేషన్ కంపెనీగా నమోదైంది, కాబట్టి ఫీజు కడితే కంపెనీ వ్యవహారాల శాఖ సైట్లో దాని ఫైలింగులు చూడొచ్చు. విదేశీ విరాళాలది కాస్త కష్టం, 2022 జులైలో హోం శాఖ తన విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ సైట్ నుంచి సంస్థల వార్షిక లెక్కలు తీసేసింది. మసీదు, దర్గా ఆస్తులకి వక్ఫ్ బోర్డు ఉంది, ఆర్టీఐ అక్కడా వేయొచ్చు.

వేళచ్చేరి_వెంకన్నభక్తుడు:

అన్నీ బాగానే ఉన్నాయి కానీ అందరూ దాటేసే మాట నేను అడుగుతా. ప్రభుత్వం ఈఓని పెట్టేది గుడికేగా, చర్చికి పెట్టిందా? ఈ కథనం కూడా రెండు భాగాలు గుడిమీదే నడిచి, మిగతావాళ్లకి చివర్లో ఒక పేరా పడేస్తారు, చూస్తూ ఉండండి. చిదంబరం నటరాజ ఆలయం కేసులో 2014లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? పాలన బాలేదని సర్కారు గుడిని చేతిలోకి తీసుకున్నా, ఆ లోపం సరిచేశాక తిరిగి ఇచ్చెయ్యాలి, కలకాలం పట్టుకుని కూర్చోకూడదు అని. అలా తిరిగి ఇచ్చినవి ఎన్నో అడిగి రాయండి, నేనే పదిమందికి షేర్ చేస్తా.

పాండీబజార్_పక్కన:

వెంకన్నభక్తుడు గారూ, మీ ప్రశ్న నోట్ చేసుకున్నాను, అది ఆర్టీఐలో అడగదగ్గదే. కానీ గుళ్ల మీద ఎక్కువ రాయాల్సి వస్తే దానికి కారణం పక్షపాతం కాదు, సర్కారు చెయ్యి ఎక్కడుందో కాగితం అక్కడే ఉంటుంది.

ఇది చదువుతుంటే నాకు కొళత్తూరు కాలేజీ గుర్తొచ్చింది. 2021లో మైలాపూరు కపాలీశ్వరర్ గుడి నిధులతో దేవాదాయ శాఖ పెట్టింది, అప్పటి ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలో. ఉద్యోగాలకి హిందువులే దరఖాస్తు చెయ్యాలని ప్రకటన ఇచ్చారు, దాన్ని ఒక ముస్లిం అభ్యర్థి సవాలు చేస్తే హైకోర్టు శాఖ వైపే తీర్పిచ్చింది. గుడి డబ్బుతో కాలేజీ ఏమిటని భక్తులూ కోర్టుకెళ్లారు, అనుమతి లేకుండా కొత్త కాలేజీలు పెట్టొద్దనీ, పెట్టినవాటిలో హిందూ మత పాఠం కూడా చెప్పాలనీ మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. పెట్టింది సర్కారు శాఖ, డబ్బు దేవుడిది, చదువు మామూలు డిగ్రీ, ఉద్యోగానికి మతం షరతు. మూడు భాగాలూ దీని మీదే రాయొచ్చేమో అనిపిస్తోంది. పాతకాపు గారూ, ఏమంటారు?

పెరంబూరు_పాతకాపు:

రాయి. కానీ కోర్టు కాగితాలతోనే సరిపెట్టకు, ఆ పని అందరూ చేశారు. నిధులు విడుదల చేస్తూ ధర్మకర్తలు చేసిన తీర్మానం ఉందా, ఉంటే ఆ తేదీకి అక్కడ ధర్మకర్తల మండలి ఉందా, లేక శాఖ పెట్టిన తాత్కాలిక అధికారే (వీళ్లని ఇక్కడ 'తక్కార్' అంటారు) సంతకం పెట్టాడా, అది చూడు. సర్కారు అడిగి, సర్కారు మనిషే ఒప్పుకుని ఉంటే నీ మొదటి భాగం అదే. ఆ తీర్మానం తమిళంలోనే ఉంటుంది, ఫోటో తీసి ఇక్కడ పెట్టు, చదివిపెడతాను. ఎవరి ఫోన్ నంబరైనా కనిపిస్తే చెరిపి పెట్టు.