టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బెజవాడ_బాబు: వయసు 38. టెస్టోస్టెరాన్ తక్కువని రిపోర్ట్ వచ్చింది, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చిన రక్తం అది. జిమ్ ట్రైనరేమో సస్టనాన్ 250 అనే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తనే తెప్పిస్తానంటున్నాడు. రెండో బిడ్డ కోసం కూడా చూస్తున్నాం. సైడ్ ఎఫెక్ట్స్ ఏమొచ్చాయో చెప్పండి.

గోదారోడు: పిల్లల కోసం చూస్తూ ఈ ఇంజెక్షన్ ఏంటండీ బాబూ! బయటి నుంచి హార్మోన్ అందితే మెదడు వృషణాలకి పని చెప్పే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు పంపడం తగ్గించేస్తుంది, దాంతో వీర్యకణాల తయారీ పడిపోయి కొందరికి కౌంట్ సున్నాకి వచ్చేస్తుంది. ఆపితే చాలామందికి తిరిగొస్తుంది, కానీ నెలలు పడుతుంది, ఏడాది దాటినవాళ్లూ ఉన్నారు. క్లోమిఫిన్, హెచ్‌సీజీ లాంటి వేరే మందులున్నాయి, ఎండోక్రైనాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టర్‌ని) అడగండి. ఇంకోటి, సాయంత్రం రిపోర్ట్ లెక్కలోకి రాదు. పొద్దున పదిలోపు పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేయించాలి.

పాప_వాళ్లమ్మ: మా ఆయన టెస్టోస్టెరాన్ జెల్ వాడతారు. భుజాలకి రాసుకుని, అది ఆరి, చొక్కా వేసుకుని, చేతులు సబ్బుతో కడుక్కునేదాకా పాపని ఎత్తుకోనివ్వను. రాసిన చోటు చర్మం తగిలితే మందు మనకీ అంటుకుంటుంది, చిన్నపిల్లలకైతే వయసు రాకముందే అక్కడ వెంట్రుకలు రావడం లాంటివి జరుగుతాయి. డాక్టర్ దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు, మందు కాగితం చదివి నేనే పట్టుకున్నా.

డల్లాస్_అన్న: నాకు రక్తం చిక్కబడింది. పైకి ఏమీ తెలియలేదు, కాస్త తలనొప్పి, మొహం ఎర్రబడటం, అంతే. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటిందని డాక్టర్ ఇంజెక్షన్ ఆపించి, గురక ఉందా అని అడిగి స్లీప్ టెస్ట్ రాశారు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిఆగి రావడం, ఉంటే ఈ మందుతో ముదరొచ్చు. పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష), బీపీ కూడా చూస్తూ ఉండాలి.

కుర్రాడు_హైద్: టెస్టోస్టెరాన్ మందు మీద 2023లో వచ్చిన ట్రావర్స్ ట్రయల్‌లో గుండెకి ఏం కాదని తేలిందిగా?

డల్లాస్_అన్న: సగమే చదివావు తమ్ముడూ. గుండెపోటు, పక్షవాతం పెరగలేదు, నిజమే. ఎట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం), ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు మాత్రం మందు వాడినవాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. పైగా అందులో ఇచ్చింది జెల్, అదీ లెవెల్స్ చూసి డోసు సర్దుతూ. జిమ్ డోసులకి ఆ భరోసా వర్తించదు.

గోదారోడు: వేరుశనగ పడనివాళ్లు సస్టనాన్ జోలికే వెళ్లొద్దు, అందులో ఉండేది ఆ నూనే.

బెజవాడ_బాబు: థాంక్స్ అండీ. పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్తా. సెమెన్ టెస్ట్ కూడా ఇప్పుడే చేయించాలా?

గోదారోడు: ఇప్పుడే. మందు మొదలెట్టాక చేయిస్తే అసలు కౌంట్ ఎంతుండేదో ఎలా తెలుస్తుంది?