స్లాష్ టూవీల్ డ్రైవ్: ముందు సస్పెన్షన్‌కు గట్టి పార్టులు ఏవి వేయాలి?

మొరం_గ్రౌండ్:
నాది రిమోట్‌తో నడిపే ఆర్‌సీ ట్రక్, ట్రాక్సాస్ స్లాష్, టూవీల్ డ్రైవ్, బ్రష్‌లెస్ మోటారు. బ్యాటరీ ఎక్కువగా 2ఎస్ (రెండు సెల్స్), అప్పుడప్పుడు 3ఎస్ (మూడు సెల్స్) లైపో. నడిపేది హైదరాబాద్ మణికొండ వైపు ఖాళీ ప్లాట్లలో. నేలంతా మొరం, గ్రానైట్ ముక్కలు, పక్కనే సిమెంటు ఫుట్‌పాత్. ఫుట్‌పాత్ అంచుకు తగిలినప్పుడల్లా కుడి ముందు ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి), బయటి పిన్ రంధ్రం దగ్గర విరుగుతోంది. ఇంకోటి, స్టీరింగ్ సూటిగా నిలవట్లేదు. ముందు చక్రం పట్టుకుని ఊపితే లొడలొడలాడుతోంది. ఆన్‌లైన్‌లో ఆర్మ్‌లు, క్యాస్టర్ బ్లాకులు (ఆర్మ్ చివర స్టీరింగ్ బ్లాక్‌ను పట్టుకునేవి), స్టీరింగ్ బ్లాకులు (చక్రం ఇరుసు ఉండేవి), షాక్ టవర్ (షాక్‌ల పైకొనలు బిగించే పలక) అన్నీ కలిపి నీలం రంగు అల్యూమినియం సెట్ కనిపించింది. అది వేస్తే ఒకేసారి పని అయిపోతుందా? లేక ఆర్‌పీఎం కంపెనీ ప్లాస్టిక్ (నైలాన్) ఆర్మ్‌లే నయమా? బడ్జెట్ ఐదారు వేలు.

అలెన్‌కీ_2.5:
ఆ సెట్ జోలికి పోకండి. గుద్దుకున్నప్పుడు దెబ్బ ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. నైలాన్ ఆర్మ్ వంగి, దెబ్బలో కొంత తనే మింగి, మళ్లీ పాత ఆకారానికి వస్తుంది. అల్యూమినియం మింగదు. లోపలి పిన్‌కు, అక్కణ్ణుంచి బల్క్‌హెడ్‌కు (ఆర్మ్‌లు బిగించే దిమ్మె), ఛాసిస్ ముక్కుకు పంపేస్తుంది. ఆర్మ్ మార్చడం పావుగంట పని. బల్క్‌హెడ్ పగిలితే బంపర్, టవర్, ఆర్మ్‌లు అన్నీ విప్పుకుంటూ కూర్చోవాలి. పైగా అల్యూమినియం ఒకసారి వంగితే వంగినట్టే ఉండిపోతుంది. కంటికి ఆననంత వంకర చాలు, పిన్ బిగుసుకుపోయి ఆర్మ్ కిందికి దిగదు.

రంగు చూసి మోసపోవద్దు. అది అనోడైజింగ్ అనే పైపూత, దానివల్ల బలం రాదు. చూడాల్సింది గ్రేడ్. 7075-టి6 వంగడానికి పట్టే బలం 6061-టి6 కంటే దాదాపు రెట్టింపు. గ్రేడ్ రాయకుండా అమ్మే సెట్ అయితే 7075 అని ఆశపడొద్దు.

విరిగిన చోటును బట్టే కారణం తెలుస్తుంది. బయటి పిన్ దగ్గర పోయిందంటే చక్రానికి ముందునుంచి దెబ్బ తగిలింది. షాక్ బిగించే చోట పోతే, జంప్ దిగేటప్పుడు షాక్ పూర్తిగా మూసుకుపోయి బాటమ్ అవుతోందని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన ఆర్మ్ వేసినా మళ్లీ అక్కడే పోతుంది, చూడాల్సింది ఆయిల్, స్ప్రింగ్. మీకు కుడివైపే పదేపదే పోతోంది కాబట్టి ఆ వైపు పిన్ బయటికి తీసి అద్దం మీద దొర్లించండి. సూటిగా ఉంటే నున్నగా పోతుంది, వంగితే ఎగిరెగిరి దొర్లుతుంది. వంకర పిన్ మీద కొత్త ఆర్మ్ ఎక్కిస్తే రంధ్రం మీద ముందే ఒత్తిడి ఉంటుంది, చిన్న దెబ్బకే చీలుతుంది.

ఆర్‌పీఎం ఆర్మ్‌లు తీసుకోండి, రెండు వైపులా ఒకేసారి. విడివిడిగా తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ రెండుసార్లు కట్టాలి. విరిగితే మార్చిస్తామని వాళ్ల వారంటీ ఉంది గానీ, హైదరాబాద్ నుంచి అమెరికాకు పంపే ఖర్చు చూస్తే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

రాణిగంజ్_బేరింగ్:
అన్న చెప్పింది కరెక్టే, కానీ అల్యూమినియం మొత్తం బంద్ చేయాల్సిన పనిలేదు తమ్మీ. దెబ్బ తగిలే చోట ప్లాస్టిక్, అరిగే చోట మెటల్ పెట్టాలె. స్టీరింగ్ బెల్‌క్రాంక్ (సర్వో కదలికను చక్రాల లింకులకు పంపేది), సర్వో హార్న్ (సర్వో అంటే స్టీరింగ్ తిప్పే మోటరు, దాని మీది చేయి), షాక్ మీది క్యాప్, ఈ మూడు అల్యూమినియం పెట్టు. ప్లాస్టిక్ క్యాప్ గట్టి ల్యాండింగ్‌కు మరల నుంచి ఊడి ఆయిల్ అంత కారిపోతది.

ఇగ నీ లొడలొడ సంగతి. పార్టులు ఆర్డర్ పెట్టకముందు ప్లే (లూజు) ఎక్కడుందో పట్టుకో. ట్రక్కును స్టాండు మీద పెట్టి ట్రాన్స్‌మిటర్, ట్రక్కు రెండూ ఆన్ చేయి, అప్పుడు సర్వో గట్టిగ పట్టుకుంటది. చక్రాన్ని ముందు వెనక అంచుల కాడ పట్టుకుని ఊపుకుంట ఒక్కొక్క జాయింటు మీద వేలు పెట్టి చూడు. చక్రం ఊగుతది, స్టీరింగ్ బ్లాక్ ఊగదు అంటే బేరింగ్ పోయింది. బ్లాక్ కూడా ఊగుతది, లింకు ఊగదు అంటే రాడ్ ఎండ్ (లింకు చివరి బాల్ జాయింటు) గిన్నె వదులైంది. లింకు కూడా ఊగుతది అంటే బెల్‌క్రాంక్, లేకుంటే సర్వో సేవర్ (దెబ్బ సర్వో మీద పడకుండ ఆపేది) స్ప్రింగ్ మెత్తబడ్డది. చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపితే క్యాస్టర్ బ్లాకులో కింగ్‌పిన్ (స్టీరింగ్ బ్లాక్ తిరిగే పిన్) రంధ్రం కోడిగుడ్డు లెక్క సాగిందా లేదా తెలుస్తది.

బేరింగ్ అయితే బయటి దేశం నుంచి తెప్పించుడు ఎందుకు? సైజు 5x11x4, బేరింగ్ షాపుల పేరు ఎంఆర్115. వెనక 2ఆర్‌ఎస్ అని ఉన్నది అడుగు, అది రబ్బరు సీలు. జెడ్‌జెడ్ అంటే రేకు మూత, మన మొరం దుమ్ముకు అది ఆగదు. ముందు చక్రానికి రెండు చొప్పున నాలుగు కావాలె. సికింద్రాబాద్ రాణిగంజ్‌ల అడిగి చూడు.

సర్వో సేవర్‌ను మాత్రం లాక్ చేయకు. అది గట్టిగ బిగిస్తే దెబ్బంత సర్వో పళ్ల మీద పడతది.

నైలాన్66:
ఒక మాట కలుపుతాను. నైలాన్ గాలిలోని తేమ పీల్చుకుంటేనే దెబ్బకు తట్టుకునేలా, సాగేలా ఉంటుంది. ఎండిపోతే పెళుసు. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది గదిలోనో కారు డిక్కీలోనో నెలల తరబడి పడున్న స్పేర్ ఆర్మ్‌లు కొత్తవే అయినా పుటుక్కున విరగడానికి అదొక కారణం. ప్యాకెట్ విప్పాక మరుగుతున్న నీళ్లలో పది, పదిహేను నిమిషాలు ఉంచి, చదునుగా పరిచి చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు పిన్ దూర్చి బిగించొద్దు, వంకర అలాగే నిలిచిపోతుంది. ఇది నైలాన్ పార్టులకే. బాడీ షెల్ పాలీకార్బొనేట్, దాన్ని నీళ్లలో వేయకండి.

క్యాస్టర్ బ్లాక్, స్టీరింగ్ బ్లాక్ కూడా నైలాన్‌వే ఉంచుతాను. అల్యూమినియం క్యాస్టర్ బ్లాక్ పెడితే కింగ్‌పిన్ రంధ్రం సాగదు, నిజమే, ట్రాక్ మీద రేసుకు బాగుంటుంది. ఫుట్‌పాత్‌కు గుద్దే ట్రక్కులో మాత్రం బలహీనమైన చోటు మళ్లీ ఆర్మ్ బయటి రంధ్రమే అవుతుంది. మీకు ఇప్పుడు విరుగుతున్నదీ అదే.

మొరం_గ్రౌండ్:
పిన్ దొర్లించాను, కుడివైపుది వంగింది. చక్రం ఊగుతోంది, బ్లాక్ ఊగట్లేదు, అంటే బేరింగే. మరో సందేహం. స్లాష్ ఫోర్‌బైఫోర్ చక్రాలు ఒక సెట్ సగం ధరకు దొరుకుతున్నాయి. ముందు వేయొచ్చా?

అలెన్‌కీ_2.5:
నేరుగా ఎక్కవు. టూవీల్ డ్రైవ్‌లో ముందు బేరింగులు చక్రంలోపలే కూర్చుంటాయి, స్టీరింగ్ బ్లాక్‌కున్న ఇరుసు తిరగదు. ఫోర్‌బైఫోర్ చక్రానికి 12 ఎంఎం హెక్స్ (ఇరుసు మీద కూర్చునే ఆరు పలకల దిమ్మె) కావాలి, కాబట్టి హెక్స్ కన్వర్షన్ కొనాలి. ఇంకా, చక్రం ఎంత బయటికి జరిగితే దెబ్బకు అంత లివరేజ్ దొరుకుతుంది. ఆర్మ్ విరుగుతోందని బాధపడుతూ వెడల్పు పెంచుకోవడం ఎందుకండీ?

ఆర్మ్ ఎక్కించేటప్పుడు ఇవి చూసుకోండి. షాక్ తగిలించకుండా ముందు ఆర్మ్, పిన్ మాత్రమే బిగించి, ఆర్మ్ పైకెత్తి వదలండి. తన బరువుకు తానే పడాలి. పడకపోతే పిన్ మందమున్న డ్రిల్ బిట్‌ను రంధ్రంలో చేత్తో తిప్పండి, మెషిన్ వద్దు. బల్క్‌హెడ్‌కు రాసుకుంటుంటే ఆర్మ్ పక్క అంచును 400 నంబర్ శాండ్‌పేపర్‌తో కొద్దిగా రుద్దండి. పిన్‌కు నూనె పెట్టొద్దు, దుమ్ము పట్టి పేస్టులా మారి అరగదీస్తుంది. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూను మొదట వెనక్కి తిప్పండి, టక్కుమని పాత మరలో పడ్డాక బిగించండి. లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పెట్టే జిగురు) మెటల్‌లోకి వెళ్లే మెటల్ స్క్రూకే, అదీ నీలం రంగుది. చక్రం నైలాక్ నట్ బిగుసుకునేదాకా తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి వదలండి. కొత్త బేరింగ్ తొందరగా పోవడానికి అతిగా బిగించిన నట్ పెద్ద కారణం.

షాక్ ఆయిల్ సిలికాన్‌దే పోయండి, బైక్ ఫోర్క్ ఆయిల్ వద్దు, సిలికాన్ ఓ-రింగులు ఉబ్బిపోతాయి. 30 వెయిట్ (ఆయిల్ చిక్కదనం నంబరు) వేసుంటే ఎండాకాలంలో 35 లేదా 40కి వెళ్లొచ్చు, వేడికి పలచబడుతుంది కాబట్టి. పోశాక పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలు పోయేదాకా నిలబెట్టి, అప్పుడే క్యాప్ పెట్టండి.

రాణిగంజ్_బేరింగ్:
ఆఖరికి స్టీరింగ్ సెట్ చేసుడు మర్చిపోకు. ట్రాన్స్‌మిటర్ మీది ట్రిమ్ సున్నాకు తెచ్చి, సర్వో సెంటర్ అయినంక హార్న్ ఎక్కియి. తర్వాత రెండు దిక్కుల టో లింకులు (బెల్‌క్రాంక్ నుంచి చక్రాలకు పోయేటివి) ఒకటే పొడుగు వచ్చేటట్టు వెర్నియర్‌తోని కొలువు. చక్రాలు సూటిగా, లేకుంటే ముందు అంచులు ఒక డిగ్రీ లోపలికి పెట్టు, 3ఎస్ మీద సూటిగ పోతది. కొత్త పిన్నులు ఒక జత ఎక్కువ తీసి డబ్బాల పెట్టుకో, ఆర్మ్ కంటే ముందు వంగేటివి అవే.