ఒకే ఊళ్లో ఇద్దరు ఓబ్రయన్‌లు: మా అత్తగారి పూర్వీకుడు ఎవరు?

నమస్కారమండీ. మావారిది ఐరిష్ మూలాలున్న కుటుంబం. మా అత్తగారికి తన ముత్తాత పుట్టిన ఊరు ఖాయంగా తెలుసుకోవాలని ఆశ. క్లేర్ కౌంటీ అని మాత్రం తెలుసు. 1901కి ముందు జనాభా లెక్కల పత్రాలు చాలావరకు మిగల్లేదు, 1922లో డబ్లిన్ రికార్డాఫీసు తగలబడినప్పుడు ఎన్నో పోయాయి. అందుకే భూమి, పన్ను రికార్డుల వెంట పడ్డాను.

గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో (1847-64, పన్ను కోసం ఐర్లాండ్ భూములకు విలువ కట్టిన రికార్డు, మన అడంగల్ గుర్తొచ్చింది) ఒకే టౌన్‌ల్యాండ్‌లో (అక్కడి అతి చిన్న భూవిభాగం) ఒకే పేరుతో ఇద్దరు ఓబ్రయన్‌లు దొరికారు. ఒకరి పేరు పక్కన బ్రాకెట్‌లో 'పాట్' అని ఉంది. అది తండ్రి పేరేనా? ఊళ్లో పిలిచే పేరా? మా అత్తగారి ముత్తాత తండ్రి పేరు పాట్రిక్ (పాట్ దానికి పొట్టి పేరు), అందుకే ఆ చిన్న మాట చూడగానే గుండె ఝల్లుమంది.

అంతకు ముందరి టైథ్ పుస్తకాల్లో (1823-37, చర్చికి కట్టే పన్ను లెక్కలు) అదే చోట 'బ్రయన్' అని, 'ఓ' లేకుండా, 6 ఎకరాలు రాసి ఉంది. గ్రిఫిత్‌లో తొమ్మిదిన్నర. టైథ్ పుస్తకంలోవి ఐరిష్ ఎకరాలు, గ్రిఫిత్‌లోవి మామూలు ఎకరాలు అయితే, ఐరిష్ ఎకరం మామూలు ఎకరానికి సుమారు 1.62 రెట్లు కాబట్టి లెక్క దగ్గరగానే వస్తోంది. ఇది ఒకే పొలం అనుకోవచ్చా?

గ్రిఫిత్ తర్వాత కౌలుదారు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి కొత్తది రాసిన రివిజన్ పుస్తకాలు ఉన్నాయట. వాటిని విదేశాల నుంచి తెప్పించుకున్నవారు ఎవరైనా ఉంటే, ఎలా అడగాలో, ఏ వివరాలు ఇవ్వాలో దయచేసి చెప్పండి. అత్తగారికి ఎనభై దాటాయి. త్వరగా చెప్పగలిగితే మంచిది.