సర్వీసు ప్యాకేజీకి ఇప్పుడే 68,000 కట్టాలా, ఏటా బిల్లు కట్టుకోవాలా?

బెజవాడ_బండి
నా కారు 2020లో కొన్నది. వచ్చే 5 ఏళ్ల సర్వీసులకు కలిపి ఇప్పుడే 68,000 కట్టమంటున్నారు షోరూమ్‌వాళ్లు. 2021 అక్టోబరులో నా బిల్లు 6,800, 2025 అక్టోబరులో 10,700. ఏటా 12 శాతం పెరిగినట్టు. ఈసారి 12,000 అనుకుని అదే వరుసలో ఐదేళ్లు కూడితే 76,234 వచ్చింది. 8,000 మిగులుతుంది కదా, కట్టేయమంటారా?

లెక్కల_మాస్టారు
తొందరపడకు తమ్ముడూ. ఐదో ఏడు కట్టే రూపాయి, ఈరోజు కట్టే రూపాయి ఒకటి కావు. నీ ఐదో బిల్లు 18,882. 7 శాతం వడ్డీకి ఈరోజు 13,463 ఎఫ్‌డీలో వేస్తే అప్పటికి అంతే అవుతుంది. కాబట్టి ఆ బిల్లు నేటి విలువ 13,463 మాత్రమే. మొదటి బిల్లును 1.07తో ఒకసారి, రెండోదాన్ని రెండుసార్లు, అలా భాగించుకుంటూ పోతే 11,215, 11,739, 12,288, 12,862, 13,463 వస్తాయి. మొత్తం 61,567. ప్యాకేజీయే 6,400 ఎక్కువ పడుతోంది.

ఒకేసారి తేల్చాలంటే 1.12ను 1.07తో భాగించి, వచ్చినదాన్ని ఐదో ఘాతానికి పెంచి, 1 తీసేయి. దాన్ని 12,000తో గుణించి 0.05తో భాగించు. ఆ 0.05 అంటే 12 శాతానికీ 7 శాతానికీ ఉన్న తేడా. రెండు రేట్లూ సమానమైతే ఈ దారి పనికిరాదు. అప్పుడు 12,000ను పైన 1.07తో చేసినట్టే ఆ రేటుతో ఒక్కసారి భాగించి 5తో గుణిస్తే చాలు.

ఓరుగల్లు_రైడర్
నా అనుభవం చెప్తా. నేనూ ఇలాంటి ప్యాకేజీ తీసుకున్నా. రెండో ఏడే పుణెకు బదిలీ అయి కారు అమ్మేశా. మిగిలిన సర్వీసులకు రూపాయి వెనక్కి రాలేదు, కొన్నాయన కూడా దానికి విలువ కట్టలేదు. చాలా బాధేసింది. అమ్మితే ప్యాకేజీ కొత్త ఓనరు పేరు మీదకు మారుతుందో లేదో కాగితం మీద రాయించుకోండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ నా ప్యాకేజీలో లేవు. మీదాంట్లోనూ లేకపోతే ఆ ఖర్చు ఎటూ తప్పదు, రెండు వైపులా కలపకండి.

ఆడిట్_అక్క
మాస్టారి పద్ధతి సరైనదే, కానీ అందులో మొదటి బిల్లు ఏడాది తర్వాత వస్తుంది. ఎక్సెల్‌లో ఇలా నేటి విలువ తేల్చే ఎన్‌పీవీ ఫార్ములా కూడా అలాగే లెక్కేస్తుంది. బాబూ, నీ సర్వీసు ఎప్పుడు?

బెజవాడ_బండి
వచ్చే వారమే అక్కా.

ఆడిట్_అక్క
అయితే మొదటి 12,000ను తగ్గించే పనే లేదు. ప్రతి బిల్లూ మాస్టారి లెక్క కంటే ఒక ఏడాది ముందే వస్తుంది. 61,567ను 1.07తో గుణించు, 65,877. తేడా 2,100కు పడిపోయింది. ఇంకోటి, ఎఫ్‌డీ వడ్డీ మీద పన్ను కడతావు కదా. చేతికి 5 శాతమే మిగిలితే మొత్తం 68,551 అవుతుంది, అప్పుడు ప్యాకేజీయే చవక. హోమ్ లోన్ ఉండి ఈ డబ్బు అందులో కట్టేసేవాడివైతే ఆ లోన్ రేటు వాడు, అక్కడ మిగిలే వడ్డీకి పన్ను ఉండదు.

గ్యారేజీ_సికింద్రాబాద్
ఆ 12 శాతం దగ్గర ఆగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మీ 2021 బిల్లు పాత పన్నుతో, 2025 అక్టోబరు బిల్లు కొత్త పన్నుతో. బిల్లులో సగం ఆ పార్టులే అనుకుంటే, పన్ను మారకపోయుంటే 10,700 కాదు, 11,150 దాకా అయ్యేది. అసలు పెరుగుదల ఏటా 13 శాతం పైనే. ఆ తగ్గుదల మళ్లీ మళ్లీ రాదు, కాబట్టి రాబోయే ఏళ్లకు 13 వేసుకోండి.

లెక్కల_మాస్టారు
మంచి పాయింటు పట్టారు. 13 శాతం పెరుగుదల, 7 శాతం వడ్డీ, మొదటి బిల్లు ఇప్పుడే అంటే 67,117. ప్యాకేజీతో తేడా 900 లోపే. 14 వేస్తే 68,381, ప్యాకేజీ వైపు మొగ్గింది.

బెజవాడ_బండి
అందరికీ చాలా థ్యాంక్స్. హోమ్ లోన్ ఉంది, వడ్డీ 8 దగ్గర. ఇంకో రెండేళ్లలో కారు మార్చే ఆలోచన కూడా ఉంది, అది ముందే చెప్పాల్సింది. ప్యాకేజీ తీసుకోవట్లేదు. వచ్చే వారం బిల్లులో పార్టులు, లేబర్ విడివిడిగా ఎంతయ్యాయో ఇక్కడే పెడతా.