యజమాని బంధువు చేసే తప్పులను ఎంతకాలం సరిదిద్దాలి?

ప్రశ్న (చీమకుర్తి):
ఒక గ్రానైట్ సంస్థ కార్యాలయంలో నేను లెక్కలు చూస్తాను. ఇన్‌వాయిస్‌లు, సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లులు తయారుచేసే బాధ్యత యజమాని గారి బావమరిదిది. 2516 హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకాన్ని తెలిపే నంబరు) కింద చూపవలసిన ముడి బ్లాకులను 6802 కింద, 6802 కింద చూపవలసిన పాలిష్ స్లాబులను 2516 కింద వేసేస్తారు. రెండింటికీ పన్ను రేటు వేరని ఎన్నిసార్లు చెప్పినా “చూద్దాంలే” అంటారు. మొన్న కృష్ణపట్నం రేవుకు బయలుదేరిన లారీ డ్రైవరు ఒంగోలు నుంచి ఫోన్ చేసి, బిల్లులో ఉన్న నంబరు తన బండిది కాదని చెబితే, అన్నం ముందు నుంచి లేచి వెళ్లి సరిచేసింది నేను. సాయంత్రం “సరుకు టైముకు పంపించేశాను బావా” అని చెప్పుకున్నది ఆయన. 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 (గత నెల అమ్మకాల వివరాల రిటర్ను) దాఖలు చేయాలి కనుక, నెల మొదట్లో ఆయన బిల్లులు తిరగేయడంతోనే నాకు పొద్దు గడిచిపోతోంది. యజమానికి చెబితే ఇంటి మనిషి మీద చాడీలు చెప్పినట్లవుతుందేమోనని సంకోచం. ఏం చేయమంటారు?

జవాబు (నెల్లూరు):
నేను పన్నుల పని చేస్తాను. మీ కార్యాలయంలో అందరూ ఒకే లాగిన్ వాడుతున్నట్లున్నారు. ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఎవరికి వారికి సబ్ యూజర్ ఖాతా ఇచ్చే వీలుంది, ఏ బిల్లు ఎవరు చేశారో అక్కడే తెలుస్తుంది. బండి నంబరును బిల్లులో రవాణా వివరాలుండే పార్ట్-బిలో మార్చవచ్చు గానీ, సరుకు వివరాలు తప్పితే దిద్దడం కుదరదు. 24 గంటల్లోగా రద్దు చేసి కొత్తది తీసుకోవాలి, దారిలో అధికారి తనిఖీ చేశాక ఆ అవకాశమూ ఉండదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 129 కింద సరుకును ఆపితే, యజమాని ముందుకు వచ్చినా పన్నుకు రెట్టింపు జరిమానా కట్టాలి. మనిషి ప్రస్తావన తేకుండా ఈ జరిమానా లెక్క ఒక్కటే ఆయన ముందు పెట్టండి.

జవాబు (కావలి):
మీరు గుట్టుచప్పుడు కాకుండా దిద్దుతున్నంతకాలం అక్కడ తప్పు జరుగుతున్నట్లు ఎవరికీ తెలియదు. దారిలో ఉన్న లారీ సంగతి వేరు, పాపం డ్రైవరు ఏం చేశాడు! మిగిలిన బిల్లులను మాత్రం తప్పు గుర్తుపెట్టి ఆ బావమరిది గారి బల్ల మీదికే తిప్పి పంపండి.

జవాబు (ఒంగోలు):
బావమరిది ఉద్యోగం ఎలాగూ పోదు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో స్టాక్ ఐటమ్‌కే (సరుకు పేరుకే) హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ నమోదు చేసి ఉంచితే ఆయన ప్రతిసారీ టైపు చేయనక్కరలేదు. లారీల వాళ్లతో బేరాలు, యార్డులో లోడింగు వంటివి ఆయనకు బాగా వచ్చేమో కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
లోడింగు నిజంగానే బాగా చూస్తారండీ. సబ్ యూజర్ ఖాతాల సంగతి రేపే కదుపుతాను. యార్డుకు మార్చే మాట మాత్రం యజమాని నోట రావాలి గానీ నా నోట రాకూడదు.