ఇళ్ల మధ్య తేనెటీగల పెట్టెలు: వద్దనాలా, హద్దు పెట్టాలా?

డాబా మీద తోట
నెల్లూరులో ఒక లేఅవుట్‌లో ఉంటాం. 28 అంకణాల ఇల్లు, పైన డాబా. పోయిన సంక్రాంతి దాటాక రెండు తేనెటీగల పెట్టెలు తెచ్చి డాబా మీద వేపచెట్టు నీడలో పెట్టాను. మొన్న కాలనీ కమిటీ వాళ్లు కాగితం ఇచ్చి పోయారు. ఇది రెసిడెన్షియల్ జోన్ అంట, ప్రమాదకరమైన జీవుల్ని పెంచకూడదంట, 15 రోజుల్లో తీసేయాలంట.

దీనికి మూలం పోయిన నెల గొడవ. వీధి చివరి అపార్టుమెంటులో వాటర్ ట్యాంకు కింద మూరెడు తేనెపట్టు పట్టింది. వాచ్‌మన్ మిట్టమధ్యాహ్నం కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలు పోసి అంటించి దాని కింద పెట్టాడు. ఇంగేముంది, ఏడుగుర్ని కుట్టాయి. ఒకాయన రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అవి కొండ తేనెటీగలు. పెట్టెలో పెడితే ఉండే రకం కాదు, ఎవరూ పెంచలేరు. నా దగ్గరున్నవి చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే చిన్న రకం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది.

పెట్టెలు అసలే ఉండకూడదంటారా? ఉండొచ్చంటే ఏ షరతుల మీద?

మినీ బైపాస్
ఏందన్నా, కుక్కలు పెంచుకోవచ్చు, కోళ్లు పెంచుకోవచ్చు, ఈగలు పెంచుకోకూడదా? గమ్మున ఉంచుకో. ఎవురొచ్చి తీస్తారో చూద్దాం.

మూడో వీధి
కుక్కకి గొలుసు ఉంటుంది సార్. గొలుసు లేకుండా వదిలితే నేను అడగొచ్చు. మీ ఈగకి గొలుసేది?

మా వాడికి ఎనిమిదేళ్లు. రెండేళ్ల కిందట మా అమ్మగారి ఊళ్లో ఒక్క తేనెటీగ కుట్టింది, ఒక్కటంటే ఒక్కటే. పది నిమిషాల్లో పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందలేదు. ఇంజెక్షన్ చేసేదాకా నాకు ప్రాణం ప్రాణంలో లేదు. మళ్లీ కుడితే ఇంకా ఎక్కువ కావచ్చని డాక్టరు చెప్పారు. పెద్ద ఈగా చిన్న ఈగా అనేది మీకు తేడా, మాకు కాదు. మీరు సరదాకి పెట్టుకున్నారు, భయం మా ఇంట్లో పెట్టారు. అది ఎవరిని అడిగి చేశారు?

పొదలకూరు నిమ్మ
మేడం గారి భయం ఉత్తది కాదు. అలర్జీ ఉన్న పిల్లోడికి ఏ ఈగైనా ఒకటే.

కాకపోతే ఒక మాట. పెట్టెలు తీసేస్తే మీ వీధిలో తేనెటీగ ఉండదనుకోవద్దు. మా తోటలో ఆరు పెట్టెలు ఉండాయి. ఈ చిన్న రకం కిలోమీటరు, కిలోమీటరున్నర దాకా తిరుగుతుంది. కొండ తేనెటీగ ఇంకా దూరం పోతుంది. కానుగ పూసినా, మునగ పూసినా, ఎక్కడెక్కడివో వచ్చి వాల్తాయి. అవి రాకపోతే మా నిమ్మకి కాపు తగ్గుతుంది, మీ దొడ్లో గుమ్మడి పిందెలోనే ఎండిపోతుంది.

పూల మీద తిరిగే ఈగ ఊరికే కుట్టదు, దాని పనిలో అది ఉంటుంది. ఎక్కువగా కుట్టేది గూడు కాడ కావలి ఉండేది. అందుకే పెట్టె ఎన్ని గజాల దూరంలో ఉండాది, దాని వాకిలి ఎటు తిరిగి ఉండాది అన్నదే అడగాలి.

ఇంకోటి, ఎవురికి కుట్టినా ముల్లు అక్కడే ఉండిపోతుంది, దాని విషం తిత్తి ఇంకా కొట్టుకుంటానే ఉంటుంది. వేళ్లతో పట్టుకొని లాగాలా గీకాలా అని ఆలోచించేదానికంటే వెంటనే తీసేయడం ముఖ్యం. తీసి, దూరం పొండి. కుట్టిన చోట అరటిపండు వాసనొస్తుంది, ఆ వాసనకి మిగతావి వస్తాయి.

కోర్టు సెంటర్
కొంచెం చట్టం సంగతి, ఎందుకంటే నోటీసులో 'జోన్' అన్న మాట వాడారు. ఏ భూమిని ఇళ్లకు, ఏది వ్యాపారానికి, ఏది పరిశ్రమలకు అని విడదీసేది మాస్టర్ ప్లాన్. దాన్ని అమలు చేసేవి కార్పొరేషన్, పట్టణాభివృద్ధి సంస్థ. కాలనీ కమిటీ తీర్మానం జోనింగ్ కాదు. డాబా మీద రెండు పెట్టెలు పెట్టి ఇంట్లోకి తేనె తీసుకోవడం వేరు, ఇరవై పెట్టెలు పెట్టి బోర్డు కట్టి అమ్మడం వేరు. రెండోది చేస్తే ఇంటి వాడకం దాటినట్టే.

అయితే డాబా మీద తోట గారు దీంతో గెలిచామనుకోవద్దు. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు. పాత ఐపీసీలో అదే 289. ప్రజలకు ఇబ్బంది అని ఫిర్యాదు పోతే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు తొలగించమని షరతుతో ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత సీఆర్‌పీసీ 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 152 అయింది. ట్యాంకు కింద పట్టు ఎవరిదీ కాదు. మీ పెట్టె మాత్రం మీదే. ఆరునెలలకు ఒకరికి కుట్టినా వేలు మీ వైపే చూపిస్తారు.

కాలిఫోర్నియాలో కావలి
లాస్ ఏంజిల్స్ దగ్గర ఉంటాను. ఇక్కడా ఇదే గొడవ ఏళ్ల తరబడి నడిచింది. 2015లో నగరం ఇళ్ల దగ్గర పెంచుకోనిచ్చింది, షరతులతో. 2,500 చదరపు అడుగుల స్థలానికి ఒక పెట్టె. పక్కవాళ్ల హద్దుకి 5 అడుగుల దూరం, రోడ్డుకి 20 అడుగుల దూరం. పెట్టె ముందు 6 అడుగుల గోడ గానీ దట్టమైన కంచె గానీ ఉండాలి, లేదంటే పెట్టే ఎత్తులో ఉండాలి. దగ్గర్లో నీళ్లు. న్యూయార్క్ అంతకు ముందే, 2010లో నిషేధం ఎత్తేసింది, అక్కడ పెట్టెల సంగతి నగరానికి చెప్పుకోవాలి.

గోడ ఎందుకంటే ఈగ వాకిట్లోంచి నేరుగా ఎగరకుండా గోడ దాటేంత పైకి లేస్తుంది. అంటే మనుషుల తలల మీదుగా పోతుంది.

మూడో వీధి
2,500 అడుగులంటే మన లెక్కన అంకణానికి 72 చొప్పున 35 అంకణాలు దగ్గర. డాబా మీద తోట గారిది 28. అంటే లాస్ ఏంజిల్స్ రూలు ప్రకారం ఆయనకి ఒక్క పెట్టె కూడా రాదు. రెండున్నాయి.

మినీ బైపాస్
దెబ్బ పడింది 😀

డాబా మీద తోట
నిజమే మేడం, నేనూ లెక్కేశాను, మీరు చెప్పకముందే. కానీ అక్కడ నేల మీద ఇళ్లు, ముందూ వెనకా గడ్డి. మన లేఅవుట్లలో గోడకీ ప్రహరీకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టడు. అక్కడి 5 అడుగుల దూరం ఇక్కడ నేల మీద ఎవరికీ కుదరదు. మనకున్నది డాబా, అదీ రెండంతస్తుల పైన. ఈగ పిట్టగోడ దాటి పోయేసరికి వీధిలో మనిషికి పాతికడుగుల పైన ఉంటుంది.

మీకు అసలు ఇబ్బంది ఎక్కడుందో చెప్తాను, నన్నెవరూ అడగలేదు గానీ. ఎండల్లో ఇవి నీళ్ల కోసం పోతాయి. మే నెలలో నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే. నేను తొట్టి పెట్టేలోపే పక్కింటి వాళ్ల కుళాయి కాడికి అలవాటు పడ్డాయి. ఆ ఇంటి పెద్దావిడ గిన్నెలు తోమేటప్పుడు చేతి మీద ఒకటి వాలి కుట్టింది. తప్పు నాదే, పోయి చెప్పుకున్నాను. తర్వాత పెట్టె పక్కనే పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పెడితే పది రోజులకి గానీ ఇటు మళ్లలేదు. ఇంకోటి ఆరేసిన తెల్ల బట్టల మీద పసుపు చుక్కలు. అవి దాని రెట్టలు. ఇది కూడా నావే అని ఒప్పుకుంటున్నాను.

ఒంగోలు నుంచి
కమిటీ వాళ్లు చేయాల్సిన రూలు వేరేది ఉంది, అది ఎవరూ మాట్లాడట్లేదు. ట్యాంకు మీద, ఎత్తు సన్‌షేడ్ల కింద పట్టే పెద్ద పట్టును పగటి పూట ఎవరూ తాకకూడదు, మంట పెట్టకూడదు. మా అపార్టుమెంటులో తేనె తీసే యానాది ఆయన్ని పిలిస్తే అమావాస్య దగ్గర పడేదాకా ఆగమన్నాడు. చీకట్లో వచ్చి కొంచెం పొగ, కొంచెం ఓపిక, అంతే. ఎవరికీ ఒక్కటి కుట్టలేదు. పట్టులో కొంత మాకు కోసిచ్చాడు, కూలీ వద్దన్నాడు, మేమే బలవంతంగా ఇచ్చాం. వీధి లైట్లు మాత్రం ఆ కాసేపు ఆపించాడు, రాత్రి లైటుకి ఇవి ఎగబడతాయి. రెండు పెట్టెలు తీసేయించి ఆ వాచ్‌మన్ చేతిలో కాగడా ఉంచితే మళ్లీ ఏడుగురే.

పొదలకూరు నిమ్మ
అవునన్నా. దోమల మందు పొగ బండి వచ్చేటప్పుడు కూడా ముందు రోజు చెప్తే పెట్టెల వాకిలికి తడి గోనెపట్టా కప్పుకుంటారు. మన ఊళ్లో దోమలకి పొగ కొట్టకుండా కుదరదు గదా.

మూడో వీధి
నేను నిషేధం అనే అన్నాను మొదట. ఇప్పుడూ ఆ పెట్టెలు ఉండటం నాకు ఇష్టం లేదు. కానీ నీళ్లు, బట్టలు అని ఆయనే చెప్పుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. మూడు పెట్టండి నోటీసులో. ఒకటి, ఇంటికి ఒక్క పెట్టె. రెండు, చుట్టూ నాలుగిళ్ల వాళ్లు సంతకం చేయాలి, అందులో ఒక్కరికి అలర్జీ ఉన్నా కుదరదు. మూడు, మూత తీసే రోజు ముందే చెప్పాలి, పిల్లల్ని లోపల ఉంచుకుంటాం. ఆయన పెట్టె వాకిలి ఇప్పుడు మా బాల్కనీ వైపుంది. ముందు అది తిప్పాలి.

కోర్టు సెంటర్
రెండో షరతులో చిక్కుంది. ఈగలతో పని లేకుండా వేరే గొడవతో కూడా సంతకం పెట్టకుండా ఉండొచ్చు. అలర్జీ ఉంటే డాక్టరు చీటీ చాలు, మిగతా వాళ్లకు అభ్యంతరం ఉంటే కారణం రాసి ఇవ్వాలి అనండి.

డాబా మీద తోట
మీ బాల్కనీ అని తెలీదు మేడం. ఒకటి తగ్గిస్తాను. రెండోది తూర్పుగా ఖాళీ ప్లాటు వైపు తిప్పి, ఆ మూలకి జరుపుతాను. ముప్ఫై అడుగులు ఉంటుంది.

పొదలకూరు నిమ్మ
ఆగన్నా, అట్లా జరపొద్దు! ముప్ఫై అడుగులు ఒక్కసారి జరిపితే పొద్దున పోయినవి సాయంత్రానికి పాత చోటుకే వచ్చి గుంపు కడతాయి. అప్పుడు బాల్కనీ ముందు నిజంగానే గోల. రోజుకి రెండడుగుల చొప్పున జరుపుతా పో, లేదంటే రెండు పెట్టెలూ మా తోటకి తోలెయ్. ఇంత దూరం వస్తే పాత దారి మర్చిపోతాయి. మూడు వారాలాగి ఒకటి తీసుకుపోయి కొత్త మూలన పెట్టుకో. రెండోది నేను చూసుకుంటా. పూత మీద నేను మందు కొట్టను, ఆ భయం వద్దు.

చీకటి పడ్డాక, అన్నీ లోపలికి వచ్చాక వాకిలికి జల్లెడ మేకు కొట్టి ఎత్తండి, గాలి ఆడాల. ఆటో అబ్బాయికి మాత్రం డబ్బాలో ఏముందో ఎక్కించక ముందే చెప్పండి. పోయినసారి మా వోడు చెప్పలేదు, సగం దార్లో దించేసి పోయినాడు.